శ్రీరాంపూర్ విలియం కేరీ

ఉద్దేశాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు
• కేరీ జీవితంలోని ముఖ్య ఘట్టాలను చెప్పగలుగుతారు.
• పాపం, శీలం, రక్షణ అనే మాటలను క్రైస్తవులు ఏ అర్థంలో వాడతారో వివరించగలుగుతారు.

పరిచయం

కలకత్తాకు దిగువన, హుగ్లీ నది ఒడ్డున బడ్జ్ బడ్జ్ ఉంది. సముద్రం నుంచి కలకత్తాకు పోయే నదీమార్గం దాని ముందు నుంచే సాగుతుంది. 1793 నవంబరులో ఈ నదిమీదుగా ఒక ఇంగ్లీషువాడు భార్యాపిల్లలతో కలకత్తా చేరాడు. ఒకప్పుడు చెప్పులు కుట్టి బతికిన మనిషి. ఈస్టిండియా కంపెనీ అనుమతి పత్రం కూడా అతని దగ్గర లేదు. అతడే విలియం కేరీ.

1. చెల్లని షిల్లింగు

కేరీ 1761 ఆగస్టు 17న ఇంగ్లండులోని పాలర్స్‌పరీ గ్రామంలో నేతపనివారి ఇంట జన్మించాడు. చిన్న వయసులోనే చెప్పులు కుట్టే పని నేర్చుకోవడానికి ఒక యజమాని దగ్గర చేరాడు.

ఒక క్రిస్మసుకు ఒక వర్తకుడు అతనికి షిల్లింగు బహుమతి ఇచ్చాడు. అది చెల్లని నాణెం. కేరీ తన సొంత ఖర్చుకు యజమాని డబ్బు వాడుకొని, చెల్లని నాణెం యజమాని డబ్బులోదేనని చెప్పాలనుకున్నాడు. ఈ ఒక్కసారి గట్టెక్కిస్తే ఇక తప్పు చేయనని దేవుణ్ణి ప్రార్థించాడు కూడా. కాని అబద్ధం బయటపడింది. సిగ్గుతో నలుగురిలోకి రాలేకపోయాడు.

ఈ చిన్న సంఘటన అతణ్ణి లోతుగా ఆలోచింపజేసింది. అబద్ధం నిలవడానికి దేవుణ్ణే సాయం అడిగిన మనసు ఎలాంటిది? బైబిలు బోధ ప్రకారం పాపం అంటే చెడ్డపని మాత్రమే కాదు. ఆ పనికి మూలమైన హృదయ స్థితి కూడా. దానిని మనిషి తన ప్రయత్నంతో కడుక్కోలేడు. క్రీస్తు మరణం ద్వారా దేవుడు ఉచితంగా ఇచ్చే క్షమాపణే రక్షణ. మంచి శీలం రక్షణకు చెల్లించే వెల కాదు, దాని ఫలం. కేరీ ఈ నమ్మకానికి వచ్చి, 1783లో బాప్తిస్మం పొందాడు.

2. శ్రీరాంపూర్‌లో

దేవుడు రక్షించదలచినవారిని తానే రక్షిస్తాడు, మనుషుల ప్రయత్నం అక్కరలేదని ఆనాడు కొందరు వాదించేవారు. కేరీ ఒప్పుకోలేదు. 1792లో దీనిపై ఒక పుస్తకం రాశాడు. మరుసటి ఏడే భారతదేశానికి బయలుదేరాడు.

మొదటి ఏళ్ళు కష్టంగా గడిచాయి. 1794లో అయిదేళ్ళ కొడుకు పీటర్ చనిపోయాడు. భార్య డోరతీకి మతి చెదిరింది. 1807లో మరణించేవరకు ఆమె కోలుకోలేదు. పిల్లలపై కేరీ తగిన శ్రద్ధ పెట్టలేదని సహచరులే బాధపడ్డారు. శీలాన్ని గురించి బోధించినవాని జీవితంలోనూ ఈ లోటు ఉంది.

1800లో అతడు డేన్‌ల పాలనలో ఉన్న శ్రీరాంపూర్ చేరాడు. ఆ ఏడాది డిసెంబరు 28న కృష్ణ పాల్ అనే వడ్రంగి బాప్తిస్మం పొందాడు. 1801లో బెంగాలీ కొత్త నిబంధన అచ్చయింది. అదే సంవత్సరం కేరీ ఫోర్ట్ విలియం కాలేజీలో బోధకుడయ్యాడు.

3. అగ్నిపరీక్ష

1812 మార్చి 11న శ్రీరాంపూర్ అచ్చుశాల తగలబడింది. కాగితం, అచ్చు అక్షరాలు, ఏళ్ళ తరబడి రాసిన రాతప్రతులు బూడిదయ్యాయి. కేరీ రాసిన తెలుగు వ్యాకరణం ప్రతి కూడా వాటిలో ఉంది. తమను తగ్గించుకోవడానికి దేవుడు నేర్పిన పాఠంగా దానిని భావించి, అతడు మళ్ళీ మొదటినుంచి రాయడానికి కూర్చున్నాడు. 1814లో తెలుగు వ్యాకరణం, 1818లో తెలుగు కొత్త నిబంధన వెలువడ్డాయి.

1829 డిసెంబరులో సతీసహగమనాన్ని నిషేధించిన శాసనాన్ని బెంగాలీలోకి అనువదించినది కూడా కేరీయే. 1834 జూన్ 9న అతడు శ్రీరాంపూర్‌లో మరణించాడు. తన సమాధిపై పొగడ్తలు చెక్కవద్దని వీలునామా రాశాడు. పేరు, తేదీలు, తన నిస్సహాయతను ఒప్పుకొని దేవుణ్ణి శరణువేడే రెండు పాదాలు మాత్రం చాలన్నాడు. చెల్లని షిల్లింగు నేర్పిన సంగతిని అతడు చివరివరకు మరచిపోలేదు.

పాఠ్యగత ప్రశ్నలు

1. చెల్లని షిల్లింగు సంఘటన నుంచి కేరీ ఏమి గ్రహించాడు?
2. క్రైస్తవ బోధలో శీలానికి, రక్షణకు గల సంబంధం ఏమిటి?
3. గొప్ప పని చేసినవారి లోపాలను కూడా మనం ఎందుకు తెలుసుకోవాలి? మీ సొంత మాటల్లో అయిదు వాక్యాలు రాయండి.