మదనపల్లె నుండి మంచుకొండలకు

పులికాటు సరస్సునకు చేరువనున్న సూళ్లూరుపేట నుండి పడమటగా ప్రయాణము చేయువారికి భూమి మెట్లు మెట్లుగా పైకి లేచుచున్నట్లు కనబడును. ఉప్పుగాలియు ఇసుకనేలయు వెనుకబడును. తిరుమల కొండలను ప్రక్కనుంచుకొని, చిత్తూరు గుట్టలను దాటినపిమ్మట మదనపల్లె పీఠభూమి వచ్చును. సముద్రమట్టమునకు రెండువేల అడుగులకు పైబడిన ఆ యెత్తున గాలి పొడిగాను చల్లగాను ఉండును. సమీపముననున్న హార్సిలీ కొండ నాలుగువేల అడుగులకు మించినది. కడప కలెక్టరుగా నుండిన హార్సిలీ దొర పందొమ్మిదవ శతాబ్దిలో ఆ కొండపై వేసవి విడిది కట్టించుకొనినందున దానికా పేరు నిలిచినది.

ఇట్టి ఆరోగ్యకరమైన సీమలో పుట్టిన యొక తెలుగు యువకుడు, తన తమ్ముని ఊపిరితిత్తులకు మంచిగాలిని వెదకుచు ఐరోపాలోని ఆల్ప్స్ కొండల దాక పోవలసివచ్చినది. ఆతడే జిడ్డు కృష్ణమూర్తి. తత్త్వవేత్తగా ఆయనను లోకమెరుగును. ఆ తత్త్వమునకు వెనుకనున్న అన్నదమ్ముల కథ అంతగా ప్రచారమందున్నది కాదు.

కృష్ణమూర్తి 1895 మే నెలలో, నాడు కడప జిల్లాలో చేరియుండిన మదనపల్లెలో జన్మించెను. తల్లి సంజీవమ్మ. తండ్రి నారాయణయ్య రెవిన్యూ శాఖలో ఉద్యోగి. దివ్యజ్ఞాన సమాజమున సభ్యుడు. ఎనిమిదవ సంతానమగుటచే, దేవకీదేవి అష్టమగర్భమును తలచి బిడ్డకు కృష్ణుని పేరు పెట్టిరి. మూడేండ్లకు నిత్యానంద పుట్టెను. పసితనముననే మలేరియా సోకి కృష్ణుడు చిక్కి శల్యమయ్యెను. చదువులో మందుడనియు, పరధ్యానము గలవాడనియు ఉపాధ్యాయులు తలచి కొట్టుచుండిరి. నిత్యానంద చురుకైనవాడు, పాఠము ఇట్టే పట్టుకొనెడివాడు. 1905లో తల్లి మరణించుటతో ఈ అన్నదమ్ములు ఒకరి నొకరు విడువలేనివారైరి.

ఉద్యోగవిరమణానంతరము నారాయణయ్య 1909 ఆరంభమున కుమారులతో మద్రాసు చెంతనున్న అడయారునకు కాపురము మార్చెను. ఆ వత్సరముననే సముద్రతీరమున ఆడుకొనుచుండిన పిల్లలలో కృష్ణుని చూచి, ఇతడు జగద్గురువునకు వాహకము కాగలవాడని దివ్యజ్ఞాన సమాజ ప్రముఖుడగు లెడ్‌బీటర్ ప్రకటించెను. అనీబిసెంట్ అన్నదమ్ములిద్దరిని తన సంరక్షణలోనికి తీసికొనెను. 1911లో కృష్ణమూర్తి అధిపతిగా తూర్పు నక్షత్ర సంఘము వెలసెను. కుమారులను తనకు తిరిగి ఇప్పింపుమని తండ్రి న్యాయస్థానమునకెక్కెను. మద్రాసులో ఆయనకే జయము కలిగినను, 1914లో ఇంగ్లండునందలి ప్రివీ కౌన్సిలు బిసెంటు పక్షమున తీర్పు చెప్పెను. ఆ విధముగా మదనపల్లె బిడ్డలు ఇంగ్లండులో, తమవి కాని యిండ్లలో పెరిగి పెద్దవారైరి. లండను విశ్వవిద్యాలయ ప్రవేశ పరీక్షలో కృష్ణమూర్తి పలుమారులు తప్పెను. నిత్యానంద ఉత్తీర్ణుడై న్యాయశాస్త్రము చదివెను.

1921లో పిడుగుపాటువంటి వార్త వచ్చినది. నిత్యానందకు రక్తము పడినది; వైద్యులు పరీక్షించి క్షయ యని తేల్చిరి.

నాడు క్షయకు మందు లేదు. రోగకారణమగు సూక్ష్మజీవిని జర్మను శాస్త్రజ్ఞుడు రాబర్ట్ కోహ్ 1882లోనే కనుగొనినను, దానిని చంపు సాధనము వైద్యుల చేతికి ఇంకను రాలేదు. వారి చేతనున్నవి విశ్రాంతి, పుష్టికరమైన ఆహారము, ఎండ, కొండగాలి మాత్రమే. అందుచే స్విట్జర్లాండులోని డావోస్, లేసాఁ వంటి కొండయూళ్లలో శానిటోరియములు వెలసినవి. ఎండ తగులునట్లు దక్షిణమునకు తెరచిన వరండాలలో మంచములు వేసి, రోగులను నెలల తరబడి పరుండబెట్టుచుండిరి. ఆస్ట్రియాలోని బాద్ గాస్టైన్ వంటి ఊళ్లకు వేడినీటి బుగ్గలే ఆకర్షణ. రోగులు చికిత్సకును, ధనికులు వేసవి విహారమునకును ఆ కొండలెక్కుచుండిరి. భారతీయులును ఈ దారి పట్టిరి. 1930లలో సుభాస్ చంద్రబోసు బాద్ గాస్టైన్‌లో చికిత్స పొందెను. జవహర్‌లాల్ నెహ్రూ భార్య కమల క్షయవ్యాధితోనే 1936లో స్విట్జర్లాండులోని లోజాను నగరమున కన్నుమూసెను.

అన్నదమ్ముల పుట్టిన యూరికిని ఇట్టి ప్రశస్తియే కలిగినదనుట గమనింపదగిన విషయము. మదనపల్లె గాలి క్షయరోగులకు మేలని యెంచి, 1915లో ఊరికి సమీపమున క్రైస్తవ మిషనులు కలిసి శానిటోరియమును నెలకొల్పినవి. ఆరోగ్యవరమని దానికి పేరు. దక్షిణదేశపు రోగులెందరో అచటికి వచ్చుచుండిరి. ఇంగ్లండులో నున్న నిత్యానందకు మాత్రము దగ్గరవి ఆల్ప్స్ కొండలే.

ఆ వేసవిలో అన్నదమ్ములు స్విట్జర్లాండులోని వీలార్ గ్రామమున కొంతకాలముండిరి. రోగము తగ్గినట్లే కనబడినది. ఏడాది చివర ఇద్దరును భారతదేశమునకు వచ్చి, 1922లో ఆస్ట్రేలియాకు వెళ్లగా అచట వ్యాధి తిరుగబెట్టినది. మరల స్విట్జర్లాండు పోవుటకే నిశ్చయించి అమెరికా మీదుగా బయలుదేరిరి. దారిలో విశ్రాంతికై కాలిఫోర్నియాలోని ఓహై లోయలో దిగిరి. ఎండయు పొడిగాలియు గల ఆ లోయ నిత్యానందకు హితముగా తోచినందున స్విట్జర్లాండు ప్రయాణము ఆగిపోయెను. ఆ ఆగస్టు మాసముననే, ఇంటిముందరి పెప్పర్ చెట్టు క్రింద కృష్ణమూర్తి గాఢమైన ఆధ్యాత్మికానుభవము పొందెను.

తరువాతి రెండు వేసవులు మరల ఆల్ప్స్‌లోనే గడచినవి. 1923లో వియన్నా మహాసభ ముగిసినపిమ్మట ఆస్ట్రియాలోని టిరోల్ సీమలో, త్సుగ్‌స్పిట్సె శిఖరము పాదమున నున్న ఎర్‌వాల్డ్ గ్రామమున అన్నదమ్ములు మిత్రబృందముతో విడిది చేసిరి. 1924లో ఉత్తర ఇటలీ కొండలలోని పెర్జినె కోటలో బస. చూచువారికి అది వేసవి విహారము; పగలు నడకలు, బంతియాటలు, నవ్వులు. సాయంకాలమగునప్పటికి కృష్ణమూర్తికి తలలోను వెన్నెముకలోను తీవ్రమైన బాధ మొదలయ్యెడిది. ఆ బాధ శరీరమును జగద్గురువు రాకకు సిద్ధపరచుటయే యని చుట్టునున్నవారు నమ్మిరి. ఒకని ఊపిరితిత్తులలో రోగము, ఇంకొకని దేహమున అంతుపట్టని వేదన. ఆ ఆనందవిహారములకు అడుగున ప్రవహించినవి ఈ రెండే.

నిత్యానంద బ్రదుకుననుటలో కృష్ణమూర్తికి సందేహము లేకుండెను. అన్నగారి కార్యమునకు తమ్ముడు అవసరము గనుక మహాత్ములు ఆతనిని కాపాడుదురని సమాజమువారు చెప్పుచుండిరి. కృష్ణమూర్తి దానిని మనసార నమ్మెను. 1925 నవంబరులో, ఓహైలో మంచమున నున్న తమ్ముని విడిచి అడయారు స్వర్ణోత్సవ మహాసభకై అనీబిసెంటుతో ఓడ ప్రయాణము చేయుటకు ఆ నమ్మకమే ధైర్యమిచ్చెను. నవంబరు 13వ తేదీన నిత్యానంద మరణించెను. వయస్సు 27 ఏండ్లు. ఓడ సూయజు కాలువ చేరునప్పటికి తంతి అందెను.

కృష్ణమూర్తి పలుదినములు దుఃఖమున మునిగియుండెను. నిద్రలో తమ్ముని పేర పిలుచుచు తెలుగులో విలపించెనని తోడి ప్రయాణికుడగు మిత్రుడు తరువాత తెలిపెను. కొలంబో చేరునాటికి ముఖమున ప్రశాంతత తిరిగి వచ్చినది. కాని లోపల నొక కట్టడము కూలినది. అభయమిచ్చిన మాట తప్పిపోయినది. ఊరటనిచ్చు నమ్మకము నిజమని ఎట్లు తెలియును? మనకు కావలసినందుననే దానిని నిజమనుకొనుచున్నామా? ఈ ప్రశ్నలు నాటినుండి ఆయనను విడువలేదనుటకు తరువాతి జీవితమే సాక్ష్యము.

1929 ఆగస్టు 3వ తేదీన హాలండులోని ఓమెన్ శిబిరమున, అనీబిసెంటు సమక్షమున, మూడువేలమందికి పైగా సభ్యుల యెదుట కృష్ణమూర్తి నక్షత్ర సంఘమును రద్దుచేసెను. సత్యమును చేర్చు బాట వేయుట ఏ సంస్థకును సాధ్యము కాదనియు, తనకు శిష్యులక్కరలేదనియు తేటగా చెప్పెను. సంఘమునకై వచ్చిన భూములను ఇచ్చినవారికి మరలించెను. పదునెనిమిదేండ్లుగా కూర్చుండబెట్టిన సింహాసనమునుండి తానుగా దిగివచ్చుట ఆ కాలమున లోకమునకు విస్మయము గొలిపినది.

ఆల్ప్స్‌తో ఆయన అనుబంధము మాత్రము తెగలేదు. 1960లో అనారోగ్యముచే జూరిచ్ నగరమందలి బిర్చర్ బెన్నర్ ప్రకృతి చికిత్సాలయమున కొంతకాలముండెను. 1961 మొదలు 1985 వరకు ఏటేట వేసవిలో స్విట్జర్లాండులోని జానెన్ గ్రామమున ప్రసంగించెను. మొదటి ఏట వచ్చినవారు కొలదిమందియే. తరువాత వేలకొలది శ్రోతలకై పెద్ద గుడారము వేయవలసివచ్చినది. ప్రక్కనున్న గ్‌స్టాడ్‌లో బస చేసి, ప్రతి దినము కొండదారుల నడచుచు, చెట్టును మబ్బును వాగును శ్రద్ధతో గమనించుచుండెను. ఒకనాడు తమ్ముని ప్రాణమునకై ఆశతో ఎక్కిన కొండలను, వృద్ధాప్యమున ఏ ఆశయు పెట్టుకొనక చూచుటకై ఎక్కెను.

కొండగాలిపై లోకమునకున్న నమ్మకమును ఈలోగా పరీక్షకు వచ్చినది. 1943లో అమెరికాలో స్ట్రెప్టోమైసిన్ కనుగొనబడినది. 1956లో మద్రాసులో క్షయ చికిత్సా పరిశోధన కేంద్రము వెలసి, ఇరుకు ఇండ్లలో నివసించు పేద రోగులకు ఇంటనే మందులిచ్చి, శానిటోరియములో నుంచిన రోగులతో పోల్చి చూచెను. మందు క్రమముగా వాడినచో ఇంటనున్నవారికిని అంతియే గుణమిచ్చునని 1959లో వెల్లడి యయ్యెను. అన్నదమ్ములు బాల్యమున కొంతకాలమున్న మద్రాసు నగరమే ఈ సత్యమును లోకమునకు చాటినది. నిత్యానంద గతించి అప్పటికి 34 ఏండ్లు.

పుట్టిన సీమకు కృష్ణమూర్తి ఇచ్చినది రిషీవ్యాలీ విద్యాలయము. మదనపల్లెకు చేరువలో రిషికొండ క్రిందనున్న లోయలో, ఒక పెద్ద మఱ్ఱిచెట్టు పరిసరమున 1920ల నడుమ స్థలము నిర్ణయమయ్యెను. భయము పెట్టక బోధించుట, ఒకనితో నొకని పోల్చకుండుట, ప్రకృతిని కన్నులార చూడనేర్పుట ఆ విద్యకు మూలసూత్రములు. చదువురానివాడని బెత్తపు దెబ్బలు తినిన బాలుడే ఈ సూత్రములను చెప్పెనను సంగతి ఉపాధ్యాయులు మరువరాదు. మందుడని మనము వెనుక బల్లమీద కూర్చుండబెట్టినవాడు ఏమి గమనించుచున్నాడో మనకు తెలియదు.

కృష్ణమూర్తి 1985 చివర రిషీవ్యాలీని చివరిసారి దర్శించి, 1986 ఫిబ్రవరి 17వ తేదీన తొంబది యేండ్ల వయస్సున కన్నుమూసెను. తమ్ముడు మరణించిన ఓహై లోయలోనే అన్నయు తుదిశ్వాస విడిచెను. మరణము నెదుట నిలుచుట యెట్లో ఆయన అరువదేండ్లు లోకమునకు బోధించెను. దాని తొలిపాఠము 1925లో ఓడపై అందిన యొక తంతితో మొదలైనది.