డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావు గారు

శ్రీ యల్లాప్రగడ సుబ్బారావు గారు 1895వ సంవత్సరము జనవరి 12వ తేదీన భీమవరములో జన్మించిరి. తండ్రి జగన్నాథము గారు, తల్లి వెంకమ్మ గారు. బాల్యమున చదువుపై మనసు నిలువక మెట్రిక్యులేషను పరీక్షలో రెండు పర్యాయములు తప్పి, మూడవమారు కృతార్థులైరి. ఈ సంగతి మన గ్రామ విద్యార్థులకు ధైర్యము నొసగునదే.

మద్రాసు వైద్య కళాశాలలో చదువు కాలమున గాంధీ మహాత్ముని పిలుపు నాలించి ఖద్దరు ధరించి శస్త్రచికిత్సాగారమునకు వెళ్ళిరి. ఆంగ్లేయుడగు ఆచార్యునకు అది గిట్టలేదు. తత్ఫలితముగా ఎం.బి.బి.ఎస్. పట్టమునకు మారుగా తక్కువదగు ఎల్.ఎం.ఎస్. పట్టము మాత్రమే లభించెను. అంతకు మించిన దెబ్బ ఇంటిలోనే తగిలెను. సోదరు లిరువురు కొలది దినముల వ్యవధిలో గ్రహణి వ్యాధికి బలియైరి. ఆ రోగమునకు నాడు సరియైన మందు లేదు.

మామగారి ధనసహాయముతో అమెరికాకు పయనమై హార్వర్డు విశ్వవిద్యాలయమున చేరిరి. పొట్టకూటికై రాత్రివేళల ఆసుపత్రిలో కూలిపని చేసిరి. ఫిస్కే అను ఆచార్యునితో కలిసి 1925లో రక్తమునందలి భాస్వరమును కొలుచు పద్ధతి నొకదానిని వెలువరించిరి. ద్రవములో కొన్ని రసాయనములు కలిపినచో నీలిరంగు తేలును. ఆ రంగు చిక్కదనమును బట్టి భాస్వరమెంతయో తెలియును.

ఇదే పరీక్షను జంతువుల కండరములపై జరుపగా రంగు వెంటనే తేలక నెమ్మదిగా ముదురుచుండెను. ఇతరులైన మందుల దోషమని త్రోసివేసియుందురు. వీరు మాత్రము ఆ ఆలస్యమునకు కారణము వెదకిరి. కండరములో భాస్వరము క్రియాటిను అను పదార్థముతో కూడి, సులభముగా విడిపోవు సమ్మేళనముగా నున్నదని 1927లో తేల్చిరి. కండరము పనిచేయునపుడు అది విడిపోవును. విశ్రాంతి దొరకినపుడు మరల కూడును. పిమ్మట 1929లో ఏ.టి.పి. అను మరియొక భాస్వర పదార్థమును గూర్చి ప్రకటించిరి. జర్మనీలో లోమాను అను శాస్త్రజ్ఞుడును అదే సంవత్సరమున దానిని కనుగొనెను. నాగలి దున్ను ఎద్దు మెడకును, మన గుండె కొట్టుకొనుటకును, రక్తనాళముల గోడలు ముడుచుకొనుటకును ఆ పదార్థమే ఇంధనము. అంతకు పూర్వము కండరబలమునకు లాక్టికామ్లమే మూలమని పండితులు తలచెడివారు.

ఇంత చేసినను హార్వర్డులో వారికి స్థిరమైన కొలువు దొరకలేదు. 1940లో లెడర్లీ ఔషధ పరిశోధనశాలకు వెళ్ళిరి. అచట వారి నాయకత్వమున పనిచేసిన బృందము, కాలేయమునందు స్వల్పముగా లభించు ఫోలికామ్లమును 1945 నాటికి కృత్రిమముగా తయారుచేసెను. రక్తము పుట్టుటకు ఈ పదార్థము అవసరము. గ్రహణి రోగులలో కనిపించు రక్తహీనతకు ఇది మందుగా పనిచేసెను. సోదరులను పోగొట్టుకొనిన పాతికేండ్లకు వారి చేతికందిన మందు ఇది.

ఆ శాలనుండియే ఆరియోమైసిను వచ్చినది. బోదకాలు పురుగులపై పనిచేయు హెట్రజాను మందును అచటనే పుట్టినది. 2004 మొదలు మన దేశమున ఊరూర పంచిన బోదకాలు మాత్ర ఈ మందే. మ్రింగినవారిలో ఎందరికి సుబ్బారావు గారి పేరు తెలియునో!

1948వ సంవత్సరము ఆగష్టు నెలలో న్యూయార్కులో నిద్రలోనే గుండె ఆగి మరణించిరి. వయస్సు 53 ఏండ్లు. దేశము విడిచిన తరువాత వారు మరల స్వస్థలము చూడలేదు.