నిఘంటుకర్త జాన్సన్

ఇంగ్లీషు నిఘంటుకర్తలలో అగ్రగణ్యుడైన శామ్యూల్ జాన్సన్ 1709 సెప్టెంబరులో ఇంగ్లండులోని లిచ్‌ఫీల్డ్ పట్టణంలో జన్మించాడు. తండ్రి మైకేల్ పుస్తక విక్రేత. శైశవంలోనే గండమాల సోకి, బిడ్డకు చూపు మందగించింది. రాజస్పర్శచేత ఆ వ్యాధి నయమవుతుందని నాటి ప్రజల నమ్మకం. 1712లో తల్లి ఆ పసివాణ్ణి లండనుకు తీసుకొనిపోయి ఆన్ రాణిచేత తాకించింది. నాడు రాణి ప్రసాదించిన నాణెం ఆయన మెడలో జీవితాంతం నిలిచింది. వ్యాధి మిగిల్చిన మచ్చలూ అట్లే నిలిచాయి.

అంతకంటె ఆయనను నవ్వులపాలు చేసినది వేరొకటి. తల అదేపనిగా ఊగేది. ముఖం మెలిదిరిగేది. కాలుసేతులు అప్రయత్నంగా కదిలేవి. నోటినుండి అర్థంలేని ధ్వనులు వెలువడేవి. గుమ్మం దాటవలసి వస్తే అడుగులు లెక్కించుకొని మరీ దాటేవాడు.

1728లో ఆక్స్‌ఫర్డులో చేరిన జాన్సన్, దారిద్ర్యం కారణంగా పదమూడు నెలలకే చదువు చాలించుకొన్నాడు. ఉపాధ్యాయవృత్తిని ఆశ్రయింపబోగా ఆ ద్వారమూ మూసుకొన్నది. 1735లో సోలిహల్ పాఠశాల పెద్దలు ఆయన పాండిత్యాన్ని అంగీకరించారు. ముఖవికారం ఆయన వశంలో లేదనీ ఒప్పుకొన్నారు. అయినా అది బాలురపై ప్రభావం చూపునేమో అన్న శంకతో పదవి నిరాకరించారు. పిమ్మట భార్య ధనంతో ఈడియల్ గ్రామంలో సొంతంగా పాఠశాల పెట్టాడు. శిష్యులు పట్టుమని పదిమంది కూడ చేరలేదు. వారిలో ఒకడు తరువాత మహానటుడైన డేవిడ్ గారిక్. పాఠశాల మూతపడగా, 1737లో గురుశిష్యులిద్దరూ కలిసి లండను దారి పట్టారు.

అక్కడ ఒకనాడు రచయిత రిచర్డ్‌సన్ ఇంట చిత్రకారుడు హోగార్త్ ఆయనను చూచి, కిటికీవద్ద ఊగుతున్న ఆ మనిషి మతిలేనివాడని భావించాడు. మరుక్షణం ఆ మనిషే ముందుకువచ్చి అనర్గళంగా ప్రసంగించగా నిశ్చేష్టుడయ్యాడు. 1746లో ఒప్పందం చేసుకొని, కొద్దిమంది లేఖకుల సాయంతో జాన్సన్ కూర్చిన నిఘంటువు 1755లో వెలువడింది. అందులో నలభై రెండువేలకు పైగా పదాలున్నాయి.

మాటలలో లీనమైనప్పుడు ఈ చేష్టలు ఆగిపోయేవి. అందుచేతనే మిత్రుడైన చిత్రకారుడు రెనాల్డ్స్ వీటిని వట్టి అలవాట్లుగా ఎంచాడు. ఒక చిన్నబాలిక కారణమడుగగా జాన్సన్ కూడ దురభ్యాసమని చెప్పి, అట్టివాటికి లోబడవద్దని ఆమెను హెచ్చరించాడు. వేలాది పదాలకు నిర్వచనం వ్రాసిన మహాపండితునికి తన బాధకు తగిన పేరు దొరకలేదు!

1784 డిసెంబరు 13న ఆయన కన్నుమూశాడు. మరొక శతాబ్దం గడచిన పిదప, 1885లో, ఫ్రెంచి వైద్యుడు జిల్ ద లా టూరెట్ ఇట్టి లక్షణాలుగల తొమ్మండుగురు రోగులను గురించి వ్రాశాడు. నాటినుండి ఆ రుగ్మత అతని పేరనే ప్రసిద్ధమైనది. ఇరువదవ శతాబ్దపు వైద్యులు జాన్సన్ మిత్రుల రచనలను పరిశీలించి, ఆయన బాధ అదేనని అభిప్రాయపడ్డారు.

టిక్స్ అనే ఈ చలనాలు సాధారణంగా ఐదారేండ్ల వయస్సున పొడసూపుతాయి. పది పన్నెండేండ్ల నాటికి ఉద్ధృతమవుతాయి. యౌవనం గడిచేసరికి పెక్కుమందిలో తగ్గుతాయి. టూరెట్ రుగ్మత బాలికలలోకంటె బాలురలో మూడు నాలుగు రెట్లు అధికం. ఈ భేదాన్ని బట్టి, గర్భస్థశిశువు మెదడుపై పురుష హార్మోనుల ప్రభావం కొంత ఉండవచ్చునని శాస్త్రజ్ఞులు ఊహించారు. అయితే ఆ హార్మోనులను అడ్డగించే ఔషధం వలన స్వల్పమైన, తాత్కాలికమైన మేలే కనిపించింది. వంశపారంపర్య ప్రభావం మాత్రం బలమైనది. జాన్సనుకు యౌవనం కూడ ఉపశమనం తేలేదు.

బిడ్డ కాసేపు బిగబట్టుకోగలిగినంత మాత్రాన ఇది కావాలని చేసే అల్లరి కాదు. మందలింపు వలన, ఆందోళన వలన మరింత పెరుగుతుంది. తరగతిలో కన్ను చిట్లించే, మెడ విదిలించే బాలుణ్ణి శిక్షింపబోయే ముందు, వెస్ట్‌మినిస్టర్ ఆబీలో శాశ్వతంగా విశ్రమించిన ఆ నిఘంటుకర్తను స్మరించడం మేలు. ఆయనను కాదన్న బడి ఒక గొప్ప గురువును పోగొట్టుకొన్నది.