చిత్తుగీతలు మిగిల్చి వెళ్లిన దామెర్ల రామారావు



నేను చిత్తూరులో గుమాస్తాగా చేరిన కొత్తలో, పై అధికారి దిద్దిన డ్రాఫ్టు ఫైలులో భద్రంగా ఉండేది. దానికి ముందు మేము కొట్టివేసి మళ్లీ మళ్లీ రాసుకున్న చిత్తుకాగితాలు మాత్రం సాయంత్రానికి చెత్తబుట్టలో పడేవి. చిత్తుకు విలువ లేదన్న మాట ముప్పై ఏళ్ల పైచిలుకు సర్వీసులో నాకు ఒంటబట్టిపోయింది. రిటైరయ్యాక రాజమండ్రిలో దామెర్ల రామారావు గారి చిత్రశాల చూశాకే ఆ అభిప్రాయం మారింది.

రామారావు గారు 1897 మార్చి 8న రాజమండ్రిలో పుట్టారు. చిన్ననాటి నుంచీ ధ్యాసంతా బొమ్మల మీదే. అక్కడి ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాలు ఆస్వాల్డ్ కూల్డ్రే దొర ఆ కుర్రవాడి చేతిలోని పనితనం గుర్తించి దారి చూపించారు. అడివి బాపిరాజు గారు కూడా ఆ దొర శిష్యులే. రామారావు గారు 1916లో బొంబాయి జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌లో చేరి 1920లో చదువు ముగించారు.

అక్కడ నేర్పింది యూరపు పద్ధతి. మనిషిని ఎదుట ఉంచుకుని ముందు పెన్సిలుతోనో బొగ్గుతోనో గీయాలి. చెయ్యి, మెడ, బట్ట మడత విడివిడిగా సాధన చేయాలి. రంగు ఆ తర్వాతే.

ఆ యూరపులోనూ చిత్తుబొమ్మలను తొలిరోజుల్లో పనిముట్లుగానే చూసేవారు. పని అయ్యాక చాలావరకు పోయేవి. మైకెలాంజిలో చివరి రోజుల్లో తన చిత్తుబొమ్మలు ఎన్నింటినో తగలబెట్టారని, ఆయన జీవితం రాసిన వసారి చెప్పారు. తాను పడ్డ పాట్లు లోకం చూడకూడదని ఆయన ఉద్దేశమట. అదే వసారి మాత్రం ఇతర చిత్రకారుల చిత్తుబొమ్మలను ఏరి పుస్తకాలుగా అంటించి దాచుకున్నారు. ఆ 16వ శతాబ్దం నుంచి, చిత్రకారుడి ఆలోచన దొరికేది అందులోనేనని గ్రహించి సేకరించేవారు పెరిగారు.

మన శ్రీకాళహస్తి కలంకారీలో చూడండి. కరక్కాయ, పాలు పట్టించి ఆరబెట్టిన బట్ట మీద, కాల్చిన చింతపుల్లతో ముందు బొమ్మ గీస్తారు. దాని మీద కలంతో నల్లగీత వేస్తారు. పని పూర్తయ్యేసరికి బొగ్గుగీత ఉండదు. కొన్నవారికి దాని జాడే తెలియదు.

రామారావు గారి విషయంలో ఆ జాడ మిగిలింది. ఎక్కడికి వెళ్లినా స్కెచ్ పుస్తకం వెంట ఉండేది. ఆయన సిద్ధార్థ రాగోదయం, పుష్పాలంకరణ వంటి చిత్రాలు వేశారు. రాజమండ్రిలో చిత్రకళాశాల పెట్టి శిష్యులను తయారు చేశారు. భార్య సత్యవాణి గారు, సోదరి బుచ్చికృష్ణమ్మ గారు కూడా కుంచె పట్టారు. ఇంతలో మశూచి సోకింది. 1925 ఫిబ్రవరి 6న ఆయన కన్నుమూశారు. 28 ఏళ్లు నిండడానికి ఇంకా నెల రోజులుంది.

అంత చిన్న వయసులో పోయిన మనిషి వేసిన నూనెరంగుల చిత్రాలు ముప్పైకి కాస్త పైన. చిత్తుబొమ్మలు మాత్రం వందల్లో ఉన్నాయి. సత్యవాణి గారు, మిత్రుడు వరదా వెంకటరత్నం గారు వాటిని పారేయక కాపాడారు. ఆయన పేరిట చిత్రశాల వెలిసింది. ఆ కాగితాలే పోయి ఉంటే, ఆ చెయ్యి ఎంత కష్టపడి కుదురుకుందో మనకు తెలిసేది కాదు.

చివరగా నా సంగతి ఒకటి. మా ఇంటావిడ పోయిన ఏడాది, పాత కాగితాలు కొనేవాడికి వేయడానికి కట్ట కట్టాను. అందులో ఆమె ధనుర్మాసం ముగ్గులకు చుక్కలు పెట్టుకున్న పాత నోటుబుక్కు ఉంది. వాకిట్లో వేసిన ముగ్గు ఏ రోజుది ఆ రోజే పోయింది. ఆ చుక్కలు, తుడిపి మళ్లీ కలిపిన గీతలు మాత్రం అలాగే ఉన్నాయి. రామారావు గారి స్కెచ్‌లు గుర్తుకొచ్చి కట్ట విప్పాను. ఇప్పుడా పుస్తకం మా మనవరాలి దగ్గర ఉంది.

మీ ఇళ్లలోనూ అలాంటి కాగితాలు ఉంటాయి. పారేసేముందు ఒక్కసారి తెరిచి చూడండి.