బంగాళాఖాతపు కంపనాలను చదివిన ఓల్డ్‌హామ్

1881 డిసెంబరు 31 ఉదయం కార్ నికోబార్ దీవి సమీపంలో సముద్రగర్భం కంపించింది. ప్రకంపనలు మద్రాసు దాకా తెలిశాయి. తరువాతి కొద్ది గంటల్లో విశాఖపట్నం, మద్రాసు, నాగపట్నం రేవుల్లో ఆటుపోట్లను నమోదు చేసే యంత్రాల గీతలు అసాధారణంగా ఊగాయి. అలల ఎత్తు మీటరు చుట్టుపక్కలే ఉండటంతో, ఒడ్డున ఉన్నవారికి అదేమంత విశేషంగా తోచి ఉండదు. ఆ గీతల విలువను గ్రహించినవారిలో భారత భూగర్భ సర్వేక్షణ సంస్థలో పనిచేస్తున్న యువ శాస్త్రవేత్త రిచర్డ్ డిక్సన్ ఓల్డ్‌హామ్ ఒకరు.

ఆయన 1858 జులై 31న డబ్లిన్‌లో జన్మించారు. తండ్రి థామస్ ఓల్డ్‌హామ్ సర్వేక్షణ సంస్థకు తొలి అధిపతి. దేశంలో పూర్వం సంభవించిన భూకంపాల వివరాలను పోగుచేస్తూ, ఆ పని పూర్తికాకముందే 1878లో కన్నుమూశారు. మరుసటి ఏడాది కుమారుడు అదే సంస్థలో చేరి, తండ్రి విడిచిపెట్టిన పట్టికను 1883లో వెలువరించారు. ప్రాచీన కాలం నుంచి 1869 వరకు భారత భూకంపాలను ఒకచోట చేర్చిన ఆ సంకలనం నేటికీ పరిశోధకులకు అవసరమవుతోంది. ఢిల్లీ ఆర్.కె. పురంలోని సేవా భవన్ కేంద్ర జల సంఘానికి కార్యస్థానం. అక్కడ భారీ ఆనకట్టల భూకంప ప్రమాణాలను పరిశీలించే పనికైనా, తీరానికి సునామీ ముప్పును లెక్కకట్టే పనికైనా మొదటి మెట్టు గత భూకంపాల జాబితాయే.

1884లో ఓల్డ్‌హామ్ నికోబార్ భూకంపంపై తన పరిశీలనను ప్రచురించారు. కంపనం తెలిసిన వేళలను, రేవుల్లోని యంత్రాలు అలను పట్టుకున్న వేళలను కలిపి చూస్తే, భూకంపం పుట్టిన చోటును సముద్రంలో కూడా గుర్తించవచ్చు. ఇదే పద్ధతిని మరింత సూక్ష్మంగా వాడి, 2003లో పరిశోధకులు ఆ భూకంప తీవ్రతను సుమారు 7.9గా అంచనా వేశారు.

ఓల్డ్‌హామ్‌కు పేరు తెచ్చింది మాత్రం 1897 జూన్ 12 నాటి అస్సాం మహా భూకంపం. షిల్లాంగ్ నేలమట్టమైంది. ఆయన కొండలూ లోయలూ తిరిగి, ఛెడ్రాంగ్ నది వెంట నేల 35 అడుగుల మేర పైకి లేచిన పగులును కనుగొన్నారు. 1899లో ప్రచురితమైన నివేదిక భూకంప శాస్త్రానికి ప్రామాణిక గ్రంథమైంది. ఆ కంపనాలను ఐరోపాలోని యంత్రాలు సైతం నమోదు చేశాయి. వాటిని పరిశీలించి, భూమి లోపలి నుంచి వచ్చే రెండు రకాల తరంగాలను, ఉపరితలం మీదుగా వచ్చే మరో రకాన్ని ఆయన వేరుచేసి చూపారు. 1903లో భారతదేశం విడిచి స్వదేశం చేరారు. భూగోళపు అవతలి వైపు చేరే తరంగాలు ఆలస్యమవుతున్నాయని గమనించి, భూమికి భిన్నమైన అంతర్భాగం ఉందని 1906లో నిరూపించారు. 1911లో రాయల్ సొసైటీ సభ్యత్వం లభించింది. 1936 జులై 15న వేల్స్‌లో మరణించారు.

ఆయన మరణించిన 68 ఏళ్లకు, 2004 డిసెంబరు 26న, అదే సముద్రగర్భ రేఖ సుమత్రా నుంచి అండమాన్ దాకా దాదాపు 1,300 కిలోమీటర్ల పొడవున చీలింది. తీవ్రత 9.1. విడుదలైన శక్తి 1881 నాటి దానికి సుమారు అరవై రెట్లు. భారతదేశంలో పదివేలకు పైగా ప్రాణాలు పోయాయి. ఆంధ్ర తీరంలోనూ వందకు పైగా మరణాలు నమోదయ్యాయి. 1881 గీతలు చెప్పింది అబద్ధమేమీ కాదు. అయితే నూటపాతికేళ్ల రికార్డులో కొన్ని వందల ఏళ్లకు ఒకసారి వచ్చే ఉత్పాతం కనిపించదు. చిన్న అలనే గరిష్ఠ ప్రమాదంగా భావించడం అక్కడే పొరపాటైంది. అందుకే ఆ తరువాత శాస్త్రవేత్తలు తీరపు మట్టిపొరల్లో పాత సునామీలు వదిలిన ఇసుకను వెదకసాగారు. థాయ్‌లాండ్‌లోని ఫ్రా థోంగ్ దీవిలో 2004 నాటి ఇసుకపొర కింద, దానికి సాటిరాగల మరో పొర బయటపడింది. దాని వయసు సుమారు 550 నుంచి 700 ఏళ్లు.

హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్‌లో 2007 నుంచి సునామీ హెచ్చరిక కేంద్రం పనిచేస్తోంది. భూకంప తరంగాలు, సముద్రగర్భ పీడన యంత్రాలు, రేవుల్లోని నీటిమట్ట సూచికలు పంపే సమాచారాన్ని అక్కడ నిమిషాల్లో జోడిస్తారు. ఓల్డ్‌హామ్ కాలంలో ఆ గీతలు అధ్యయనమై అచ్చులోకి రావడానికి రెండేళ్లకు పైగా పట్టింది.