నిజాంసాగర నిర్మాత అలీ నవాజ్ జంగు

పిట్లమునకు చేరువలో మంజీరానదిపై నిలిచిన నిజాంసాగరమును చూచువారు ఆ రాతికట్ట దృఢత్వమునకు అచ్చెరువందుదురు. దాని నిర్మాత నవాబు అలీ నవాజ్ జంగు బహదూరు చరిత్రమును తెలిసికొన్నచో, నదికి అడ్డుకట్ట వేయుటకన్న ఆ నీటిని రైతు పొలమునకు ఫలముగా మార్చుట ఎంత కఠినమో విశదమగును.

వారి అసలు పేరు మీర్ అహ్మదలీ. 1877 జూలై 11న జన్మించిరి. నిజాం కళాశాలలో చదివి, 1896లో ప్రభుత్వ విద్యార్థివేతనముతో ఇంగ్లండునకేగి, కూపర్స్ హిల్ కళాశాలలో ఇంజనీరింగు విద్య నభ్యసించిరి. 1899లో మరలివచ్చి హైదరాబాదు సంస్థాన ప్రజాపనుల శాఖలో చేరి, క్రమముగా చీఫ్ ఇంజనీరు పదవి నలంకరించిరి. ఉస్మాన్ సాగరు, హిమాయత్ సాగరు, వైరా, పాలేరు జలాశయములతో వారి పేరు ముడివడియున్నది.

తెలంగాణమునకు సాగునీటి విద్య క్రొత్తది కాదు. ఊరూర చెరువు, తూమువద్ద నీరటికాడు, పంపకమునకు గ్రామపు కట్టుబాటు ఉండెను. 1923లో ఆరంభమై 1931లో ముగిసిన నిజాంసాగరము ఆ కొలతకు అందునది కాదు. దాదాపు 30 టి.ఎం.సి.ల నీటికి 2,75,000 ఎకరముల ఆయకట్టు నిర్ణయింపబడెను. నీరు సిద్ధమైనను రైతు సిద్ధముగా లేడు. మెట్టపంటలకు అలవడినవానికి మడులు కట్టుటకు పెట్టుబడి లేదు. ఆర్థికమాంద్యమువలన ధరలు పడిపోయియుండెను. కాలువ ఒక శాఖది, శిస్తు మరియొక శాఖది, వ్యవసాయము వేరొక శాఖది.

కోస్తా జిల్లాల రైతులు వచ్చి, భూములు కొని, క్యాంపులు వెలయించి, వరియు చెరకును పండించిరి. 1937లో బోధనునందు నిజాం చక్కెర కర్మాగారము స్థాపితమైన పిమ్మట చెరకునకు గిరాకి ఏర్పడెను. కట్ట ముగిసి అప్పటికి ఆరేండ్లు. ఈలోగా పొలములు అమ్ముకొన్న స్థానికులకు ఆ ఫలము దక్కలేదు.

1938లో కాంగ్రెసు నెహ్రూ అధ్యక్షతన జాతీయ ప్రణాళికాసంఘము నేర్పరచెను. అందలి నదీనియంత్రణ, సాగునీటి ఉపసంఘమునకు అలీ నవాజ్ జంగుగారు అధ్యక్షులైరి. శాఖల నడుమనే కాదు, ప్రభుత్వముల నడుమను అడ్డుగోడ లుండెను. తుంగభద్ర జలములపై హైదరాబాదు, మద్రాసు ప్రభుత్వములకు 1944లో గాని ఒప్పందము కుదరలేదు. ఆ జలాశయము పూర్తియగుటను చూడకయే 1949 డిసెంబరు 6న వారు కాలధర్మము నొందిరి.

నిజాంసాగరపు నిలువసామర్థ్యము పూడికవలన కాలక్రమమున మిక్కిలి తగ్గెను. బోధను కర్మాగారము 2015లో మూతపడెను. తెలంగాణ రాష్ట్రము వారి జన్మదినమును ఇంజనీర్ల దినోత్సవముగా జరుపుచున్నది. కట్టిన దానిని కాపాడు యంత్రాంగము, అనుభవింపవలసిన రైతునకు చేయూత తోడైననే ఆ స్మరణ సార్థకమగును.