సుబ్బారావు చదువుకు డబ్బు కట్టిందెవరు?

బోదకాలు మాత్ర గోదావరి జిల్లాల వాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ వచ్చి, ఎదురుగా నిలబడి మింగించి వెళ్తారు. డీఈసీ అని పిలిచే ఆ మందు పుట్టింది అమెరికాలోని ఒక ప్రయోగశాలలో. దాన్ని తయారుచేయించిన పరిశోధన బృందానికి పెద్ద మాత్రం మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన కనిపెట్టిన మందుల గురించి చాలామంది చాలాసార్లు రాశారు. ఈసారి మేం ఆ మందుల పట్టిక పక్కన పెట్టి, ఆయన చదువు ఖర్చుల లెక్క తిరగేద్దామనుకున్నాం. దుబాయ్‌లో క్రేన్ నడిపేవాళ్లయినా, న్యూజెర్సీలో కంప్యూటర్ ముందు కూర్చునేవాళ్లయినా, నెలనెలా ఇంటికి పంపే డబ్బులో పిల్లల కాలేజీ ఫీజు వాటా ఎంతో మీకే బాగా తెలుసు. ఈ లెక్క మనందరిదీ.

సుబ్బారావు 1895 జనవరి 12న పుట్టారు. తండ్రి జగన్నాథం, తల్లి వెంకమ్మ. ఏడుగురు పిల్లల్లో నాలుగోవాడు. తండ్రి ఆరోగ్యం చెడి ఉద్యోగం ముందే మానుకోవాల్సి వచ్చింది. దాంతో ఇల్లు గడవడమే కష్టమైంది. ఆ ఇంట్లో బడి ఫీజు అంటే చిన్నమాట కాదు. తల్లి తన నగలు అమ్మి చదివించిందని ఆయన జీవితం రాసినవాళ్లు చెబుతారు. కుర్రాడికి మాత్రం చదువు మీద అప్పటికి అంత ధ్యాస లేదు. పదమూడేళ్ల వయసులో కాశీ వెళ్లి యాత్రికులకు అరటిపళ్లు అమ్మి డబ్బు సంపాదిద్దామని ఇల్లు వదిలి బయల్దేరాడు. వెంకమ్మగారు వెనక్కి రప్పించి మళ్లీ బడిలో కూర్చోబెట్టారు. రాజమండ్రిలో కుదరక, చివరికి మద్రాసు హిందూ హైస్కూల్లో మూడో ప్రయత్నంలో మెట్రిక్ గట్టెక్కాడు. మూడోసారి ఫీజు కట్టిన ఆ తల్లి ఓపికను ఏ విశ్వవిద్యాలయమూ లెక్కలో వేసుకోలేదు.

మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో ఇంటర్ అయ్యాక రామకృష్ణ మఠంలో చేరి సన్యాసం పుచ్చుకుంటానన్నాడు. తల్లి ఒప్పుకోలేదు. మనిషికి సేవ చేయాలంటే డాక్టరు చదువు కూడా మార్గమేనని మఠం వాళ్లే నచ్చజెప్పారు. అలా మద్రాసు మెడికల్ కాలేజీలో చేరాడు. మరి డబ్బు? కొంత స్నేహితులు సర్దారు. మిగతాది కస్తూరి సూర్యనారాయణమూర్తిగారు పెట్టారు. తర్వాత 1919లో ఆయన కూతురు శేషగిరినే సుబ్బారావు పెళ్లాడాడు. అల్లుడి చదువు మామగారి ఖర్చు అనే లెక్క మన దగ్గర ఎప్పటినుంచో ఉన్నదే. అందులో మంచితనం ఉంది, ఆశ కూడా ఉంది. కాకపోతే ఆ బాకీకి పూచీ మాత్రం ఎప్పుడూ ఆడపిల్ల జీవితమే. ఈ సంగతి ముందు ముందు మళ్లీ వస్తుంది.

అప్పట్లో గాంధీగారి పిలుపు విని సుబ్బారావు ఖాదీ గౌను వేసుకుని శస్త్రచికిత్స గదికి వెళ్లేవాడు. సర్జరీ ప్రొఫెసర్ బ్రాడ్‌ఫీల్డ్‌కు అది నచ్చలేదు. రాత పరీక్షలు బాగానే రాసినా చివరికి చేతికొచ్చింది ఎంబీబీఎస్ కాదు, దానికన్నా తక్కువైన ఎల్‌ఎంఎస్. ఆ కాలేజీ సర్కారు వారిది, అంటే జనం కట్టిన పన్నుల మీద నడిచేది. కానీ పెత్తనం జనానిది కాదు. ఆ కాగితంతో మద్రాసు వైద్యశాఖలో ఉద్యోగం కోసం ప్రయత్నించినా దొరకలేదు. డాక్టర్ ఆచంట లక్ష్మీపతిగారు తన ఆయుర్వేద కళాశాలలో శరీరశాస్త్రం చెప్పే ఉద్యోగం ఇచ్చారు.

ఇంట్లో అంతకుముందే పెద్ద దెబ్బ తగిలింది. స్ప్రూ అనే పేగుల జబ్బుతో ఇద్దరు అన్నదమ్ములు కొద్ది రోజుల తేడాలో పోయారు. సుబ్బారావుకూ అదే జబ్బు వస్తే లక్ష్మీపతిగారి ఆయుర్వేద మందుతోనే లేచి కూర్చున్నాడు. ఇలాంటి జబ్బులకు మూలం ఏమిటో తేల్చాలన్న పట్టుదల అక్కడే మొదలైంది. పరిశోధన అంటే అమెరికా వెళ్లాలి. ఓడ ఖర్చులు, అక్కడ ఫీజు, తిండి, గది... మామగారు కొంత పోగు చేశారు. అది చాలలేదు. కాకినాడలోని మల్లాడి సత్యలింగం నాయకర్ చారిటీస్ సాయం చేస్తామని మాట ఇచ్చింది.

రంగూన్ రేవు డబ్బు

ఇక్కడ కాస్త ఆగుదాం. ఎందుకంటే మా దృష్టిలో ఈ కథలో అసలు మనిషి ఈయనే.

సత్యలింగం నాయకర్‌ది కాకినాడ దగ్గరి కోరంగి ప్రాంతం. ఆ రోజుల్లో మన తీరం నుంచి వేలమంది బర్మా పోయేవాళ్లు. రంగూన్ రేవులో బస్తాలు మోసేవాళ్లు, బియ్యం మిల్లుల్లో పనిచేసేవాళ్లు, రిక్షాలు లాగేవాళ్లు. కోరంగి నుంచి ఓడలెక్కి వచ్చారని అక్కడ మనవాళ్లకు కోరంగీలు అని పేరు పడిపోయింది. ఆ పిలుపులో గౌరవమేమీ ఉండేది కాదు. ఇవాళ గల్ఫ్ లేబర్ క్యాంపుల్లో ఉన్న మన తమ్ముళ్లకు వివరించాల్సిన పని లేదు. నాయకర్ కూడా చిన్న పనివాడిగానే రంగూన్ చేరి, రేవులో ఓడల సరుకు ఎగుమతి దిగుమతుల కాంట్రాక్టుల్లో పైకొచ్చి పెద్ద ఆస్తి సంపాదించారు. ఆ ఆస్తిని ధర్మకార్యాలకు, చదువులకు రాసిపెట్టి వెళ్లారు.

సుబ్బారావు హార్వర్డ్ దారి ఖర్చుకు దన్నుగా నిలిచింది ఆ డబ్బే. అంటే రంగూన్ రేవులో చెమటోడ్చిన తెలుగు కూలీల కష్టం మీద పెరిగిన సొమ్ము. ఇచ్చినవాడికి పుచ్చుకున్నవాడు బంధువు కాడు, కులం ఒకటి కాదు, ఊరు కూడా ఒకటి కాదు. ఈ కుర్రాడు గొప్పవాడవుతాడనడానికి ఆ రోజున ఆధారమూ లేదు. మూడుసార్లకు మెట్రిక్ గట్టెక్కి, తక్కువరకం డిగ్రీ చేతబట్టుకున్న డాక్టరు, అంతే. ఈ కాలంలో అలాంటి దరఖాస్తు బ్యాంకుకు వెళ్తే ఏమవుతుందో ఊహించుకోండి. 7.5 లక్షలు దాటిన చదువు అప్పుకు బ్యాంకులు సాధారణంగా ఇల్లో పొలమో తనఖా అడుగుతాయి. ఆ ఇంట్లో తనఖా పెట్టడానికి అప్పటికే ఏమీ మిగల్లేదు.

పగలు హార్వర్డ్, రాత్రి ఆసుపత్రి

1922 అక్టోబరు 26న బోస్టన్‌లో దిగారు సుబ్బారావు. హార్వర్డ్‌లో ఉష్ణమండల వ్యాధుల విభాగంలో చేరారు. పంపిన డబ్బు ఏ మూలకూ సరిపోలేదు. ఆ విభాగం పెద్ద డాక్టర్ రిచర్డ్ స్ట్రాంగ్ ఆదుకున్నారు. మన ఎల్‌ఎంఎస్‌తో అక్కడ వైద్యం చేసే వీలు లేదు కాబట్టి, పీటర్ బెంట్ బ్రిగ్‌హామ్ ఆసుపత్రిలో రాత్రిపూట పోర్టర్ పని దొరికింది. రోగుల మలమూత్రాల పాత్రలు కడగడం ఆ పనిలో భాగం. మద్రాసులో విద్యార్థులకు పాఠం చెప్పిన డాక్టరు ఇక్కడ రాత్రంతా బెడ్‌పాన్లు కడిగి పొద్దున్నే క్లాసుకు వెళ్లేవాడు. ఇప్పుడు పెట్రోలు బంకుల్లో, ఇండియన్ స్టోర్లలో, రెస్టారెంట్ల వెనక గదుల్లో నాలుగు డాలర్లు కూడబెట్టుకునే మన పిల్లలకు ఈ ముక్క పనికొస్తుందని రాస్తున్నాం. కష్టపడితే సుబ్బారావులైపోతారని చెప్పడానికి కాదు. నిద్ర మానుకుని ఫీజు కట్టడం అప్పట్లోనూ మంచి పద్ధతి కాదు, తప్పక చేసింది.

అమెరికా చట్టాలు ఆ రోజుల్లో మనవాళ్లకు తలుపు మూసేశాయి. 1917 వలస చట్టం ఆసియా వాళ్లు వచ్చి స్థిరపడకుండా అడ్డుకుంది. చదువుకోవడానికి వచ్చేవాళ్లకే సందు. 1923లో భగత్ సింగ్ థిండ్ కేసులో అక్కడి సుప్రీంకోర్టు భారతీయులకు పౌరసత్వం కుదరదని తేల్చేసింది. 1946లో లూస్-సెల్లర్ చట్టం వచ్చాకే దారి తెరుచుకుంది. సుబ్బారావు చివరిదాకా పౌరుడు కాకుండానే ఉండిపోయారు.

హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్ దగ్గర జీవరసాయనశాస్త్రంలో పనిచేశారు. రక్తంలో, మూత్రంలో భాస్వరం కొలిచే పద్ధతి 1925లో ఇద్దరి పేర్ల మీదా వచ్చింది. కండరాలకు శక్తినిచ్చే ఫాస్ఫోక్రియాటిన్‌ను 1927లో, ఏటీపీని 1929లో వెలికితీశారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమాన్ కూడా ఏటీపీని విడిగా కనుక్కున్నారు. ఇవాళ ఇంటర్ చదివే ప్రతి పిల్లాడూ ఏటీపీ పేరు బట్టీపడతాడు. సుబ్బారావు పేరు ఆ పాఠంలో కనపడదు. 1930లో పీహెచ్‌డీ వచ్చింది. శాశ్వత ఉద్యోగం మాత్రం హార్వర్డ్ ఇవ్వలేదు. 1940లో న్యూయార్క్ రాష్ట్రం పెర్ల్ రివర్‌లోని లెడర్లీ ప్రయోగశాలకు వెళ్లిపోయారు.

ఇక శేషగిరిగారి సంగతి. రెండుమూడేళ్లలో వచ్చేస్తానని చెప్పి ఓడెక్కిన భర్త మళ్లీ రాలేదు. ఆయన వెళ్లాక పుట్టిన కొడుకు తండ్రి మొహం చూడకుండానే పసితనంలో పోయాడు. దాదాపు 26 ఏళ్లు ఆమె ఇక్కడ, ఆయన అక్కడ. చదువు ఖర్చు అంటే మనం రూపాయలు, డాలర్లే లెక్కేస్తాం. ఈ లెక్కలో అందరికన్నా ఎక్కువ కట్టింది ఆమే అని మా అభిప్రాయం. ఆమెకు తిరిగి వచ్చింది ఏమీ లేదు.

లాభం ఎవరి ఖాతాలోకి?

లెడర్లీలో ఆయన నాయకత్వంలో వచ్చిన మందులు చూడండి. ఫోలిక్ యాసిడ్‌ను ప్రయోగశాలలో తయారుచేసే దారి దొరికింది. గర్భిణులకు మన ఆసుపత్రుల్లో ఇచ్చే ఐరన్ మాత్రలో ఉండేది అదే. అన్నదమ్ములను తీసుకుపోయిన స్ప్రూ జబ్బుకూ అది మందే. 1947లో బోదకాలుకు హెట్రజాన్, అంటే మన డీఈసీ వచ్చింది. అక్కడే తయారైన అమినాప్టెరిన్‌తో బోస్టన్ పిల్లల ఆసుపత్రిలో సిడ్నీ ఫార్బర్ రక్త క్యాన్సర్ చిన్నారులకు చికిత్స చేసి 1948లో ఫలితాలు ప్రకటించారు. ఆ ఆసుపత్రి, ఒకప్పుడు సుబ్బారావు బెడ్‌పాన్లు కడిగిన ఆసుపత్రి పక్కపక్కనే ఉంటాయి. అదే కుటుంబానికి చెందిన మెథోట్రెక్సేట్ ఇప్పటికీ క్యాన్సర్‌కు, కీళ్లవాతానికి వాడుతున్నారు. బెంజమిన్ డగ్గర్ కనుక్కున్న ఆరియోమైసిన్ కూడా ఆ ప్రయోగశాలదే.

మన పన్నులతో చదివి వేరే దేశానికి పనిచేస్తున్నాడే అని ఇప్పటికీ కొందరు పెదవి విరుస్తుంటారు. కోపం అర్థం చేసుకోదగ్గదే. ఊళ్లో కూలి చేసుకునేవాడు కట్టే పన్నుతో వేరేవాడి కొడుకు డాక్టరై డెట్రాయిట్ పోతే అడగాల్సిందే. పైగా చదివిన ప్రతివాడూ సుబ్బారావు కాడు. కానీ ఎవరు అవుతారో ముందే తెలిసే పద్ధతి ఎక్కడా లేదు. అందుకే మొత్తం బరువు ఒక్క కుటుంబం మీద వేయడం తప్పంటాం. కుటుంబం నగలమ్మి, పొలమమ్మి, పిల్ల పెళ్లిని తాకట్టు పెట్టి జూదమాడాలి, గెలిస్తే లాభం లోకమంతా పంచుకుంటుంది, ఓడితే నష్టం ఆ ఇంటికే. ఇదెక్కడి న్యాయం? లాభం అందరిదైనప్పుడు ఖర్చులో పెద్ద వాటా ప్రభుత్వం భరించాలి. చదువుకున్నవాళ్లను పనిలో పెట్టుకుని బాగుపడే కంపెనీలు భరించాలి. చదువుతో పైకొచ్చిన మనమూ కొంత తిరిగి కట్టాలి.

అమెరికా ఈ సంగతి ఒకసారి చేసి చూపించింది. 1944లో జీఐ బిల్లు తెచ్చి, యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికుల చదువు ఖర్చు సర్కారే పెట్టుకుంది. సుమారు 22 లక్షలమంది దాని కింద కాలేజీల్లో, యూనివర్సిటీల్లో చదివారు. కూలీల, రైతుల పిల్లలు ఇంజనీర్లయ్యారు. నల్లజాతి సైనికులకు మాత్రం చాలాచోట్ల ఆ ఫలం సరిగా అందలేదు. విదేశీ విద్యార్థులకు అక్కడి ఫెడరల్ సాయం ఇప్పటికీ వర్తించదు. మన దగ్గర వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వ కాలంలో విస్తరించిన ఫీజు రీయింబర్స్‌మెంట్ లక్షల ఇళ్లలో తొలి డిగ్రీ తెచ్చింది. ఆ తర్వాత ఏ ప్రభుత్వం వచ్చినా బకాయిల గొడవ తప్పలేదు, సర్టిఫికెట్లు ఆపేశారని పిల్లలు రోడ్డెక్కడమూ తప్పలేదు.

సుబ్బారావు 1948 ఆగస్టులో పెర్ల్ రివర్‌లోని ఇంట్లో నిద్రలోనే వెళ్లిపోయారు. వయసు 53. 1995లో శతజయంతికి భారత ప్రభుత్వం తపాలా బిళ్ల వేసింది. కాకినాడ జగన్నాథపురంలో సత్యలింగం నాయకర్ పేరిట కాలేజీ ఉంది. ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయం వారి కాకినాడ ప్రాంగణాన్ని కూడా ఎంఎస్‌ఎన్ క్యాంపస్ అనే అంటారు. ఆ మూడు అక్షరాలు ఎవరివో అక్కడ పీజీ చదివే పిల్లల్లో ఎంతమందికి తెలుసో గానీ, సెలవులకు కాకినాడ వెళ్లినప్పుడు ఆటోవాళ్లకు ఎంఎస్‌ఎన్ అని చెప్తే చాలు, నేరుగా తీసుకెళ్లి దింపుతారు.